పెద్ద సిస్టర్ నడిపిన వార్డు

హిందూపురంలో నేను మేనేజరుగా పనిచేసిన ఆసుపత్రిలో పెద్ద వార్డు మేడ మీద ఉండేది. మెట్లెక్కి వెళ్తే ముందు ఫినాయిల్ వాసన వచ్చేది, ఆ వెంటనే నవ్వులు వినబడేవి. చేరిన మొదటి రోజే ఆ నవ్వులు నాకు నచ్చలేదు. తొంభైల మధ్యలో సంగతి ఇది. అంతకుముందు నేను ధర్మవరంలో పట్టుదారానికి పురి పెట్టే కార్ఖానాలో సూపర్‌వైజరుని. అక్కడి యంత్రాల హోరులో ఎవరూ నవ్వరు, నవ్వినా వినబడదు. ఆ కార్ఖానా యజమానికి దగ్గరి బంధువైన డాక్టరు హిందూపురంలో ఈ ఆసుపత్రి పెట్టాడు. "మనుషుల చేత పని చేయించడం తెలిసినోడు కావాలప్పా నాకు" అని నన్ను పిలిపించుకున్నాడు. అది నాకు తెలుసని నేనూ నమ్మాను.

నవ్వులన్నీ మధ్యాహ్నం డ్యూటీ మారే వేళవి. పొద్దున వచ్చిన నర్సులూ, అప్పుడే వచ్చిన నర్సులూ జతలు జతలుగా మంచం మంచం దగ్గరికీ నడిచేవాళ్ళు. దిగిపోయే అమ్మాయి రోగి ఎదుటే అతని సంగతంతా వచ్చిన అమ్మాయికి చెప్పేది. జ్వరం ఎంత, మందు ఏది అనేదానితో అది అయిపోయేది కాదు.

"ఈయనది కదిరి. మాటలు కోటలు దాటతాయి గానీ సూది చూస్తే చిన్నపిల్లోనికన్నా కష్టం. వాళ్ళ పాప సాయంత్రం బస్సుకు వస్తాది, అంతవరకూ వాకిలి పక్కే చూస్తాంటాడు. కొంచెం మాట్లాడించు."

మంచం మీది మనిషి ఊరుకునేవాడా? "నాకెందుకమ్మా భయం? ఈ పాప చెయ్యే ఇనుము. దున్నపోతుకు పొడిచినట్ల పొడుస్తాది."

వార్డంతా నవ్వు. నర్సులు ఈ నడకకు అప్పగింతలని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా హడావుడిగా నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళబోతే వెనక నుంచి పెద్ద సిస్టర్ గొంతు వినబడేది: "ఏమే, పెండ్లికూతుర్ని సంతలో ఇడిసిపెట్టి పోతాండావా? సరిగ్గా అప్పజెప్పు."

పెద్ద సిస్టర్‌ది తాడిమర్రి పక్కన పల్లె. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో మొదటగా చదువుకున్న మనిషి. పొట్టిగా ఉండేది, నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వినబడేది కాదు. నేను రాకముందే వార్డును తన పద్ధతిలో పెట్టుకుంది. రోగి చేరిన దగ్గర్నుంచి ఇంటికి వెళ్ళేదాకా పగటిపూట ఒక్క నర్సే అతని మనిషి. సూది, మాత్ర, కట్టు, పక్కగుడ్డలు, బంధువుల ప్రశ్నలు అన్నీ ఆమెవే. ఆమె లేని వేళ ఎవరు చూడాలో అప్పగింతల్లో తేలిపోయేది. వార్డు చివర దుప్పట్లు పెట్టే చిన్న గది ఉండేది. అందులో ఒకరి తర్వాత ఒకరుగా నర్సులు వెళ్ళి తలుపేసుకుని టీ తాగేవాళ్ళు. తలుపు వేసి ఉంటే డాక్టరు వచ్చినా పిలవకూడదు. ఆ అమ్మాయి రోగులను ఆ కాసేపూ పెద్ద సిస్టరే చూసుకునేది.

ఇంకొక వింత కూడా గమనించాను. ఏ నర్సు చూసే రోగైనా చనిపోతే, ఆ రోజు ఆమెకు కొత్త రోగులను ఇచ్చేది కాదు. ఇంటికి పోయేవాళ్ళను సిద్ధం చేసే పని ఇచ్చేది. అది తేలిక పని. సంచులు సర్దించడం, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం, ఆటో దాకా వెళ్ళి ఎక్కించడం. తనకు కావలసినవాళ్ళకు తేలిక పని ఇస్తోందని నేను అర్థం చేసుకున్నాను. ఎందుకలా అని ఒక్కసారైనా అడిగి ఉండవలసింది. అడగలేదు.

నేను చూసింది వేరు. డ్యూటీ మారే వేళ ఇరుపూటల నర్సులూ నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక అమ్మాయి సూది పెట్టి, అది వదిలేసి కట్టు కట్టి, అదీ వదిలేసి ఎవరి ముసలమ్మకో తల దువ్వుతోంది. దుప్పట్ల గది తలుపు మూసి ఉంది. మా కార్ఖానాలో దారం చుట్టే మనిషి చుడుతుంది, పురి పెట్టే మనిషి పురి పెడుతుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. ఆ లెక్కన నేను వార్డును మార్చేశాను. ఒక సిస్టరు వార్డంతటికీ సూదులు వేయాలి. ఒకరు మాత్రలు, ఒకరు బీపీ, జ్వరం, ఒకరు కట్లు. ఇవాళ సూదులు వేసినామె రేపు కింద ఓపీలో అవసరమైతే అక్కడికి పోవాలి. అప్పగింతలు రద్దు. చెప్పవలసింది కాగితం మీద రాసి పెట్టి పోవాలి. దుప్పట్ల గదిలో సెలైన్ పెట్టెలు పేర్పించాను.

పెద్ద సిస్టర్ నా గదికి వచ్చింది. "సార్, ఇట్ల చేస్తే పిల్లోళ్ళు అలిసిపోతారు."

"పని తగ్గుతుంది కదా సిస్టర్. ఒక్కొక్కరికి ఒక్కటే పని. అలసట ఎక్కడినుంచి వస్తుంది?"

"పని చేస్తే అలిసేటోళ్ళు కాదు సార్ వాళ్ళు" అంది. నేను కాగితాల వైపు చూశాను. ఆమె వెళ్ళిపోయింది.

మొదట్లో అంతా నేననుకున్నట్టే జరిగింది. వార్డు నిశ్శబ్దమైపోయింది. డాక్టరు రౌండ్సుకు వచ్చి, "ఇప్పుడుండాది చూడు, ఆసుపత్రి మాదిరి" అన్నాడు. ఆ మాట నేను ఇంటికి వెళ్ళి చెప్పుకున్నాను కూడా.

సూదుల అమ్మాయికి ముందుగా హుషారు తగ్గిపోయింది. బాగా నవ్వించే పిల్ల. పొద్దుటినుంచి సాయంత్రం దాకా సూదులే. ఆమె ట్రే చప్పుడు వింటేనే పిల్లలు ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని తోటి నర్సుతో అంటోంది: "ముందర సూది ఏసినా మల్ల జ్వరం తగ్గినంక ఎత్తుకునేదాన్నే. పిల్లోడు నా పేరుబిళ్ళ పట్టుకుని పీకేటోడు. ఇప్పుడు పొడిసేది నేను, ఎత్తుకునేది ఇంగొకతి. బూచోడు వస్తాడని తల్లులు నన్నే చూపిస్తాండారే." తోటి నర్సు నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. మరుసటి నెలలో కడుపునొప్పి అని సెలవు పెట్టి మళ్ళీ రాలేదు.

బంధువులు దొరికిన సిస్టరునల్లా నిలబెట్టి "మా నాయనకు ఎట్లుండాది?" అని అడిగేవాళ్ళు. "నాకు తెలీదన్నా, నేను మాత్రలు." "నాకు తెలీదు, నేను కట్లు." లేపాక్షి దగ్గరి పల్లె నుంచి కాలి పుండుతో వచ్చిన ఒక అవ్వ నర్సులను బాగా ఏడిపించేది. "నీ పేరేమే తల్లీ, బీపీనా? నిన్న వచ్చినామె పేరు మాత్రలంట. మీ అమ్మోళ్ళకు మంచి పేర్లే దొరకలేదా?" నేను కనబడితే నన్నూ వదిలేది కాదు. "ఏమప్పా, దుడ్లు ఇచ్చి పండుకుంటే ఈడ నాకు ఒక మనిషంటూ లేదే. కాలుకొకరు, చెయ్యికొకరు."

ఒకరు మానేస్తే ఆ పని మిగిలినవాళ్ళ మీద పడింది. ఆ భారం మోయలేక ఇంకొకరు మానేశారు. కొత్తవాళ్ళను తెచ్చాను. వాళ్ళకు పని చూపించే తీరిక ఎవరికీ లేదు. ఏ ఖాళీ వచ్చినా పెద్ద సిస్టరే పూడ్చేది. పొద్దున సూదులు, మధ్యాహ్నం కట్లు, ఓపీలో ఎవరూ లేకపోతే అక్కడికీ. టీ తాగే గది లేదు, తాగించేవాళ్ళూ లేరు. ముందు అందరినీ అన్నా, పెద్దాయనా, అవ్వా అని పిలిచిన మనిషి, "కిటికీ కాడి బెడ్డు", "తలుపు కాడి బెడ్డు" అనడం మొదలుపెట్టింది. అది నా చెవిన పడింది. పద్ధతి వచ్చిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను వార్డులో ఉండగానే లేపాక్షి అవ్వ పెద్ద సిస్టర్ చీర కొంగు పట్టుకుని, "కొంచెం నీళ్ళు తాపిచ్చు తల్లీ" అంది.

"పక్కనే చెంబు ఉండాది కదా! నీ ఒక్కదానికేనా నేను పుట్టింది?" అని ఆమె కొంగు లాక్కుంది.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది. పెద్ద సిస్టర్ నేరుగా సెలైన్ పెట్టెల గదిలోకి వెళ్ళిపోయింది. నేను మందలించడానికే వెనక వెళ్ళాను. పెట్టెల మధ్య మనిషి పట్టేంత సందులో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"రోగుల మీద అరవకూడదు సిస్టర్."

"అరిసినా సార్. తప్పే" అంది. "అరిసినందుకు కాదు నాకు భయం. అవ్వ మొగం చిన్నబోయింది కదా, అది చూసినా నాకేం కాలేదు. ఈడ రాయి మాదిరి ఉండాది" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "చిన్నప్పట్నుంచి నర్సునే కావాలనుకున్నా. ఇంగ ఇట్లనే ఉంటే నేను ఈ పనికి పనికిరాను. పల్లెకు పొయ్యి చెనిక్కాయల కూలికి పోతా, అదే మేలు."

అప్పుడైనా నేను ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి వినవలసింది. "లీవు పెట్టుకుని రెస్టు తీసుకోండి" అన్నాను. ఆమె బదులు డ్యూటీ చేసే మనిషి లేదని మా ఇద్దరికీ తెలుసు.

నేను ఆలోచించిన మందు సన్మానం. నర్సుల దినం వస్తోంది. పెద్ద సిస్టర్‌కు శాలువా కప్పితే అందరికీ ఉత్సాహం వస్తుందని డాక్టరుకు చెప్పాను. కింద హాల్లో కుర్చీలు వేయించి, ఊళ్ళో మంచి వక్త అని పేరున్న ఒకాయనను పిలిచాను. సభ డ్యూటీ మారే వేళకు పెట్టాను. దిగిపోవలసినవాళ్ళు ఇంటికి పోకుండా కూర్చున్నారు. వక్త గారు నర్సు కొవ్వొత్తి లాంటిదన్నాడు. తాను కరిగిపోతూ లోకానికి వెలుగిస్తుందన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలన్నాడు. వెనక వరసలో ఎవరో అనడం నాకు వినబడింది: "కరెంటు పోయిన దినం కదే కొవ్వొత్తి. మనకు దినమూ పోయినట్లే ఉండాది." పెద్ద సిస్టర్ శాలువా కింద, పండ్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎండకు నిలబెట్టినట్టు కూర్చుంది. మే నెల అది. ఆ ఉన్ని శాలువా నేనే ఎంపిక చేశాను.

మర్నాడు ఆమె రాజీనామా ఇచ్చింది. శాలువా మడిచి నా బల్ల మీద పెట్టి, "చలిజ్వరంతో ఎవరన్నా వస్తే కప్పండి సార్" అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. నేను డాక్టరుతో, "ఒకరు పోతే ఇంకొకరు వస్తారు సార్" అన్నాను. నా జీవితంలో అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి ఉన్నాయి. వాటిలో ముందు ఇది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆమె సంగతి ఎవరూ సరిగా చెప్పలేదు. పల్లెలో ఉందన్నారు. నర్సు పని మానేసిందన్నారు. మా ఆసుపత్రిలో నర్సులు వస్తూ పోతూ ఉన్నారు. వార్డు నిశ్శబ్దంగానే ఉంది.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లో ఒకరోజు పొద్దున్నే పెనుకొండ నుంచి నాకు ఫోను వచ్చింది. మా నాయన ముందురోజు నన్ను చూడటానికి ధర్మవరంలో రైలెక్కి, దారిలో గుండె నొప్పి వస్తే తోటి ప్రయాణికులు పెనుకొండలో దించి అక్కడి చిన్న ఆసుపత్రిలో చేర్పించారు. నేను బస్సులో ఎలా వెళ్ళానో గుర్తు లేదు. వార్డు మెట్లు ఎక్కుతుంటే నవ్వులు వినబడ్డాయి. అది గుర్తుంది.

మా నాయన మంచం దగ్గర ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు. ఒకామె చెబుతోంది: "ఈ తాతది ధర్మవరం. గుంట మగ్గం మీద చీరలు నేసే మనిషి. ఇప్పుడు బాగుండాడు, గండం తప్పింది. రాత్రంతా కాళ్ళు ఆడిస్తాంటే నొప్పేమో అనుకున్నాం. నొప్పి కాదంట. ఇన్నేండ్లు మగ్గం తొక్కినాడు కదా, కాళ్ళకింద ఏదన్నా తొక్కను లేకపోతే నిద్ర రాదంట. దుప్పటి మడిచి పాదాల కింద పెట్టినా, పండుకున్నాడు. అది తియ్యద్దు."

"మల్ల నా కూలీ?" అన్నాడు మా నాయన. "రాత్రంతా తొక్కించినావు, గజం బట్టన్నా ఇయ్యి."

నలభై దాటిన కొడుకును నేను. మా నాయన పాదాల కింద ఏదో ఉంటే తప్ప నిద్రపోడని నాకు తెలియదు.

వాళ్ళ వెనక పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. నర్సు బట్టల్లోనే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, "రండి సార్. నాయన బాగుండాడు, భయం లేదు" అంది. నేను అక్కడే, అందరిలో, "సిస్టర్, నేను మీకు చేసింది..." అని మొదలుపెట్టాను.

"సార్, నేనిప్పుడు టీకి పోవాల. తలుపేస్తే ఎవరూ పిలవకూడదు, ఈడ అది పద్ధతి. వచ్చినంక చెప్పండి" అని చివర ఉన్న చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను ఆ తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల గ్లాసు పెట్టిన చప్పుడు వినబడింది. ఎవరిదో సెలైన్ అయిపోతే ఇంకొక నర్సు వెళ్ళి చూసుకుంది. ఎవరూ ఆ తలుపు తట్టలేదు. అలాంటి గదిలో నేను పెట్టెలు పేర్పించానన్నది ఆ బెంచీ మీద కూర్చున్నాక గాని నా తలకు పూర్తిగా ఎక్కలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. సగం నేసిన చీర మీద చెయ్యి మారితే బట్టలో తేడా పడుతుందని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మా నాయన జ్వరంతో పడుకుంటే మగ్గం అలాగే ఆగిపోయేది, ఇంకొకరు కూర్చునేవారు కాదు. ఆ ఇంట్లో పెరిగిన నేను మనుషుల దగ్గర ఆ సంగతి మరిచిపోయి, కార్ఖానాలో నేర్చుకున్నది పట్టుకుని వేలాడాను.

తలుపు తీసుకుని వచ్చి ఆమె నా పక్కన కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి సార్."

చెప్పాను. అప్పగింతలు, గది, శాలువా, డాక్టరుతో అన్న మాటతో సహా. ఆమె అడ్డు రాలేదు, పరవాలేదని కూడా అనలేదు. అంతా అయ్యాక, "శానా దినాలు నర్సు బట్టలు పెట్టెలోంచి తియ్యలే సార్" అంది. "ఈడి డాక్టరమ్మ వచ్చి పిలిసింది. నా పద్ధతిలో అయితే వస్తానన్నా. సరే, నీ వార్డు నువ్వు చూసుకో అనింది. రాయి కరగను ఒక ఏడాది పట్టింది."

రోగి పోయిన రోజు ఆ నర్సుకు తేలిక పని ఎందుకిచ్చేవారని అప్పుడు అడిగాను. ఎప్పుడో అడగవలసిన ప్రశ్న.

"తేలికని కాదు సార్. ఒకరు సచ్చిపోయిన దినమే, ఇంగొకరు నడిసి ఇంటికి పోయేది ఆ పిల్ల కండ్లారా చూడాల. ఆటో ఎక్కించి చెయ్యి ఊపి రావాల. లేకపోతే మర్నాడు పనికి వస్తాది గానీ, మనిషి రాదు."

ఆ నాలుగు రోజులూ నేను ఆ వార్డును చూస్తూ గడిపాను. ఏ పూట ఎవరు రావాలో నర్సులే కూర్చుని తేల్చుకునేవాళ్ళు, ఒకరి బిడ్డకు పరీక్షలైతే ఇంకొకరు సర్దుకునేవాళ్ళు. కొత్తగా చేరిన పిల్ల ఎప్పుడూ ఒక పాత నర్సు వెంటే నడిచేది. పని తక్కువేమీ కాదు. పరుగులు తీసేవాళ్ళు, విసుక్కునేవాళ్ళు, ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు కూడా. సాయంత్రానికి మాత్రం ఎవరి మొహమూ గోడలా ఉండేది కాదు. ఇంత నేర్పుగా మనుషులను కాపాడుకునే పని నేను ఏ కార్ఖానాలోనూ చూడలేదు.

హిందూపురం తిరిగి రమ్మని అడిగాను. "రాను సార్. ఈడ నా పిల్లోళ్ళు ఉండారు. ఆడ ఎట్ల కావాలో నన్నెందుకు అడుగుతారు, మీ పిల్లోళ్ళనే అడగండి" అంది. వచ్చాక అడిగాను. మొదట ఎవరూ నోరు తెరవలేదు, అది నేను సంపాదించుకున్నదే. తర్వాత ఒకమ్మాయి "ముందు ఆ సెలైన్ పెట్టెలు తీయించండి సార్" అంది. డాక్టరు గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మా వార్డు పెనుకొండ వార్డంత బాగా ఎప్పుడూ నడవలేదు. మునుపటికన్నా తక్కువమంది మానేశారు, అంతవరకు చెప్పగలను.

పెనుకొండలో నాయనను ఇంటికి పంపిన రోజు పెద్ద సిస్టర్ నన్ను మంచం పక్కన నిలబెట్టింది. నర్సులందరూ చుట్టూ చేరారు. "ఈడ కొడుకైనా సరే, అప్పగింతలు కాకుండా ఇయ్యం" అంది. మందులు, ఉప్పు, నడక, మళ్ళీ చూపించుకోవలసిన రోజు అన్నీ చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి సార్" అంది.

బడిపిల్లవాడిలా ఒక్కొక్కటే అప్పజెప్పాను. పొద్దున వేసుకునే మాత్ర, నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఉప్పు, నడక.

"ఇంగొకటి?"

ఎంత తడుముకున్నా రాలేదు. నర్సులు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా నాయన "వీడు చిన్నప్పుడూ ఇంతే" అంటూ మంచం మీద కాలెత్తి గాలిలో రెండుసార్లు తొక్కి చూపించాడు.

"దుప్పటి" అన్నాను. "మడిచి పాదాల కింద పెట్టాలి."

"ఆ," అంది పెద్ద సిస్టర్. "ఇప్పుడు తీసుకపోండి."